కథ మొదటికి వచ్చుట: దూరదర్శన హాస్యధారావాహికల పూర్వాపరములు

తెల్లని గుడ్డను రెండు గుంజల నడుమ బిగించి కట్టి, దాని వెనుక ఆముదపు దీపములు వెలిగించి, రంగులు దిద్దిన తోలుబొమ్మలను ఆ గుడ్డకు ఆనించి తెల్లవారువరకు ఆడించెడి ఆటను చూచిన తరమువారు ఒక విశేషమును తప్పక గమనించియుందురు. ఆ రాత్రి ఆడునది లంకాదహనము కానిండు, విరాటపర్వము కానిండు, కథ నడుమ ఏదో యొకచోట కేతిగాడును బంగారక్కయు తెరపైకి రాక మానరు. వారికి రామాయణముతో సంబంధము లేదు, భారతముతో బాంధవ్యము లేదు; వాల్మీకి వారిని ఎరుగడు, తిక్కన వారి పేరెత్తలేదు. ఐనను వారి గొంతు వినబడగానే తల్లుల ఒడిలో జోగుచున్న పిల్లలు లేచి కూర్చుండెదరు. రచ్చబండపై చుట్ట కాల్చుచున్న పెద్దలు దగ్గరకు జరిగెదరు. నిన్నటి ఊరిలో బంగారక్క చేత తిన్న తన్నులు కేతిగానికి ఈనాటి ఊరిలో జ్ఞాపకముండవు. అదే మొగముతో, అదే జుట్టుతో, అదే అవివేకముతో అతడు మరల ప్రత్యక్షమగును. మరల తన్నులు తినును. జనులు మరల నవ్వుదురు.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఆ కేతిగాని సంతతిని గురించియే. దీపము స్థానమున విద్యుత్తును, గుడ్డ స్థానమున గాజుపలకయు వచ్చిన పిమ్మట ఆ సంతతివారు మన యిండ్లలోనికి ప్రవేశించి, వారమునకొకమారు అరగంటసేపు మనలను నవ్వించి పోవుట నేర్చిరి. పాశ్చాత్యులు దానికి సిట్‌కామ్ అని కురుచ పేరు పెట్టిరి. మనవారు కామెడీ సీరియల్ అందురు. నేను దానిని హాస్యధారావాహిక యందును. పేరేదైనను దాని లక్షణములు నాలుగు: అవే పాత్రలు, అదే యిల్లు, పూటకొక క్రొత్త చిక్కు, తుదకు అంతయు మొదటికి వచ్చుట. మన భాషలో “కథ మళ్ళీ మొదటికొచ్చింది” అనుట ఒక నిట్టూర్పు. కుదిరిన పెండ్లిసంబంధము చెడినప్పుడో, తీర్పు రావలసిన వ్యాజ్యము వాయిదా పడినప్పుడో మనము పలుకు మాట అది. ఆ నిట్టూర్పునే నియమముగా గ్రహించి, దానినుండి నవ్వును పిండిన కళ యిది. కథ మొదటికి రాకున్నచో వచ్చే వారము నవ్వుటకు మనుష్యులే మిగులరు గదా.

మన ఆలంకారికులు హాస్యమునకు తక్కువ పీట వేయలేదు. దశరూపకములలో ప్రహసనమునకు స్థానమిచ్చిరి. ఏడవ శతాబ్దమున పల్లవ మహేంద్రవర్మ రాజ్యభారమును మోయుచునే మత్తవిలాస ప్రహసనమును రచించెను. కాని ప్రహసనమున పాత్రలు ఒక్కమారు వచ్చి, తమ లోపమును బయటపెట్టుకొని, శాశ్వతముగా నిష్క్రమింతురు. హాస్యధారావాహికకు దానికంటె వీథియను రూపకము దగ్గరి చుట్టము. తెలుగున వీథికి ప్రసిద్ధోదాహరణమైన క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు కలిసి ఓరుగంటి వీధులలో దినమంతయు తిరుగుచుందురు. కనబడిన ప్రతిదానిపైనను ఏదో యొక వ్యాఖ్య చేయుదురు. ఆ కావ్యమున చెప్పుకొనదగిన కథ లేదు. ఇద్దరు మిత్రుల సాహచర్యమే కథ. ఒకడు మాట విసరుటయు, రెండవవాడు దానిని అందుకొనుటయు అను ఆ జంటపద్ధతి ఓరుగంటి కోట శిథిలమైన పిమ్మట కూడ చావలేదు. అది ఆరువందల యేండ్లకు ఒక చిన్న హోటలు గల్లాపెట్టె దగ్గర మరల ఎట్లు తలయెత్తెనో ముందు చెప్పెదను.

గృహస్థుని యింటిని హాస్యరంగముగా చేసిన ఘనత మాత్రము మన వచనరచయితలది. బడిపంతులైన మునిమాణిక్యం నరసింహారావుగారు కాంతమను ఇల్లాలిని సృష్టించి, ఆమెను ఒక్క కథతో విడిచిపెట్టక కథవెంట కథలోనికి పిలిచి తెచ్చిరి. ఆలుమగల నడుమ అలుకలు, చుట్టాల రాకపోకలు, చాలీచాలని జీతము: ఇంతకుమించి ఆ కథలలో ప్రపంచము లేదు, ఐనను తెలుగు పాఠకుడు కాంతమును తన పొరుగింటి కోడలివలె ఎరిగెను. తరువాత 1950ల దశకమున ముళ్ళపూడి వెంకటరమణగారు బుడుగును సృష్టింపగా, బాపుగారు వానికి రూపమిచ్చిరి. సీగానపెసూనాంబయు, రెండుజెళ్ళ సీతయు, లావుపాటి పిన్నిగారును ఎవరి వింతను వారు మోయుచు మరల మరల వచ్చెడివారు. మాట చమత్కారమట్లుండగా, ఈ పాత్రలు వచ్చిన వాహనమును గమనింపుడు. అది వారపత్రిక. మన హాస్యప్రియత్వమునకు వారమను తాళమును మొదట నేర్పినది పోస్టుబంట్రోతు తెచ్చెడి ఆ కాగితపు చుట్టయే. ఎదురుచూచుట అందు సగము సుఖము.

రేడియో ఆ తాళమునకు గొంతునిచ్చినది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైన తరువాత, అచటి కార్మికుల కార్యక్రమమున చిన్నక్క, ఏకాంబరము అను రెండు కంఠములు ఇంటింట పరిచితములయ్యెను. వారి మొగములు ఎట్లుండునో ఎరిగినవారు అరుదు. అయినను వారి మాటకు మారుమాట చెప్పుచు వంటయిండ్లలో గరిటె త్రిప్పిన ఆడువారు ఎందరో కలరు. ప్రభుత్వపు పథకములను బోధింపవలసిన కార్యక్రమము సంభాషణగా మారినప్పుడు, బోధన మరపునకు వచ్చి మనుష్యులు జ్ఞాపకమున నిలిచిరి. హాస్యధారావాహికకు వలసిన మూలధనమంతయు ఈ విధముగా మన దగ్గర ముందే సమకూడియుండెను. కొరవడినది గాజుపలక యొక్కటియే.

ఆ గాజుపలకపై ఈ కళ తొలుత కన్ను తెరచినది సముద్రముల కావల. 1946లో బి.బి.సి. వారు ఒక దుకాణదారుని యవస్థలను గూర్చి ప్రసారము చేసిన పిన్‌రైట్స్ ప్రోగ్రెస్ దూరదర్శన హాస్యధారావాహికలలో మొదటిదిగా పరిగణింపబడుచున్నది. అది అప్పటికప్పుడు నటించి అప్పటికప్పుడు ప్రసారము చేసినది. ఈ కళకు స్థిరమైన శిల్పమును కల్పించినది అమెరికాలో 1951 అక్టోబరు 15న ఆరంభమైన ఐ లవ్ లూసీ. లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతులు తమ ఆటను నేరుగా ప్రసారము చేయుటకు మారుగా, కూర్చున్న ప్రేక్షకుల యెదుట నాటకమువలె ఆడుచు, మూడు కెమెరాలతో ఒకేమారు ఫిల్ముపై పట్టించిరి. ఆ కెమెరాల కూర్పును నిర్వహించిన కార్ల్ ఫ్రాయిండ్ అంతకు పూర్వము జర్మనీలో మెట్రోపొలిస్ వంటి మహాచిత్రమునకు ఛాయాగ్రాహకుడై పని చేసినవాడు. ఫిల్ముపై నిలిచిన ఆటను మరల మరల వేసి చూపవచ్చును గనుక, పాత భాగములు పునఃప్రసారమగుట అను ఆచారము దీనివలననే బలపడినది. ఎదుట ప్రేక్షకులు లేని ఆటలకు నవ్వును అమర్చు యంత్రమును చార్లెస్ డగ్లస్ అను శబ్దసాంకేతికుడు 1950లలో నిర్మించెను. ముందే పట్టి దాచిన నవ్వులను అతడు సమయమెరిగి విడిచెడివాడు. దానిని మనవారు ఎగతాళి చేయుదురుగాని అందొక విషాదము కలదు: ఒంటరిగా కూర్చుండి నవ్వుట మనుష్యునకు కష్టమని ఆ యంత్రము ఒప్పుకొన్నది.

మన దేశమున దూరదర్శనము 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా పుట్టినది. తెలుగు పల్లెలకు అది పట్టణములకంటె ముందే వచ్చినదన్న సంగతి ఈ తరమునకు విచిత్రముగా తోచవచ్చును: 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరము పాటు అమెరికా ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారములు జరుగగా, అందు మన రాష్ట్రపు గ్రామములును కలవు. పొలము పనులు, ఆరోగ్యసూత్రములు, పిల్లల చదువు అందలి విషయములు. 1977లో హైదరాబాదు కేంద్రము ప్రసారములను ఆరంభించెను. 1982 ఆగస్టు 15న రంగులును, దేశమంతటికిని ఒకే జాతీయ కార్యక్రమమును వచ్చెను. ఆ యేటి చివర ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలు ఆ రంగుల పెట్టెను ధనికుల కోరికల పట్టికలో చేర్చెను. 1984 నాటికి చిన్న చిన్న ప్రసారస్తంభములు పట్టణపట్టణమునను లేచెను. అవి ఢిల్లీనుండి వచ్చినదానిని వచ్చినట్లు అందించెడివి. కావున తెలుగుదేశమున అనేక పట్టణములు టెలివిజనులో తొలుత విన్న భాష తెలుగు గాక హిందీ యయ్యెను.

ఆ 1984లోనే జూలై 7న హమ్‌లోగ్ ఆరంభమైనది. మెక్సికో దేశపు ధారావాహికలను ఆదర్శముగా గొని, కుటుంబనియంత్రణాది విషయములను కథలో కలిపి చెప్పవలెనన్న సంకల్పముతో పుట్టినది అది. దాని వెన్నంటి అదే సంవత్సరమున యే జో హై జిందగీ వచ్చెను. శరద్ జోషి రచించిన ఈ ధారావాహికలో బోధన లేదు, సందేశము లేదు. భర్త, భార్య, ఉద్యోగము లేక ఆ యింటనే తిష్ఠ వేసిన ఆమె తమ్ముడు. తెలుగువానికి బావమరిదిని గూర్చి హిందీలో వివరింపనక్కరలేదు. షఫీ ఇనాందార్, స్వరూప్ సంపత్, రాకేశ్ బేడీ ఆ ముగ్గురుగా నటించిరి. వీరికి తోడు సతీశ్ షా అను నటుడు ఒక్కొక్క భాగమున ఒక్కొక్క క్రొత్త మనుష్యుడై వచ్చి, ఏబదియైదు భాగములలో ఏబదియైదు వేషములు ధరించెను.

అప్పటికి మా యింట టెలివిజను లేదు; మా వీధి మొత్తమునకు ఒక్క యింటనే యుండెను. జారుడు తలుపులు గల ఆ చెక్కపెట్టెను యజమానురాలు పూజామందిరమును తెరచినట్లు తెరచెడిది. పిల్లలము నేలపై కూర్చుండెడివారము, పెద్దలకు నులకమంచము. మిద్దెపై ఒకడు ఏంటెన్నాను త్రిప్పుచుండ, గుమ్మమున ఒకడు “ఆఁ, ఆఁ, అక్కడే ఉంచు” అని అరచుచుండ, చుక్కల వాన వెలిసి మొగములు తేలెడివి. మా నాయనమ్మకు హిందీ ముక్క రాదు. సతీశ్ షా తలుపు తీసికొని లోనికి వచ్చిన ప్రతిమారును ఆమె అందరికంటె ముందు నవ్వెడిది. ఏమర్థమైనదని ఒకనాడు నేనడుగగా, “వీడు మన పగటివేషగాడేరా! నిన్న ఒక వేషం, ఇవాళ ఒక వేషం. ఆఖరి రోజున సంభావన కొస్తాడు చూడు” అన్నది. వరుసగా కొన్ని దినములు ఒక్కొక్క వేషమున ఊరి వీధులలో తిరిగి, చివరి దినమున ఇంటింట కానుకలు గ్రహించు పగటివేషధారులను ఆమె బాల్యమునుండి ఎరుగును. కావున ఆ నటుని విద్య ఆమెకు అనువాదము లేకయే బోధపడినది. నేను తరువాత చదివిన విమర్శలలో ఆ మాటకంటె దగ్గరగా విషయమును పట్టినది కనబడలేదు. ఆ గదిలో దాచిపెట్టిన నవ్వుతో పని లేకుండెను. ఇరువదిమంది నవ్వు ఎదుటనే కలదు.

తరువాతి నాలుగైదు వత్సరములు ఢిల్లీ ప్రసారములకు హాస్యమున వసంతకాలము. 1988లో ఆర్. కె. లక్ష్మణుగారి పాత్రలను ఆధారముగా గొని వాగ్లే కీ దునియా వచ్చెను. అంజన్ శ్రీవాస్తవ్ నటించిన ఆ గుమాస్తాకు కలిగిన చిక్కులు మన రైల్వే క్వార్టర్లలోను, బ్యాంకు కాలనీలలోను ప్రతిదినము కలుగునట్టివే. పగటికలలు కను ముంగేరీలాలుగా రఘువీర్ యాదవ్ తల వాల్చి కన్ను చెదరగొట్టెడి తీరును బడిపిల్లలు అనుకరించెడివారు. 1989లో జస్‌పాల్ భట్టి ఫ్లాప్ షో అను పేరుతో పది భాగములు మాత్రమే తీసి, లంచమును, కాంట్రాక్టులను, కార్యాలయపు సోమరితనమును ప్రభుత్వపు తెరపైననే ఉతికి ఆరవేసెను. పేరు ఫ్లాప్; ఫలితము దానికి విపర్యయము.

తెలుగున ఆ కాలమున హైదరాబాదు కేంద్రము చిన్న గదులలో, చిన్న ఖర్చుతో, పెద్ద నటులను కనిపెట్టినది. పకపకలు అను కార్యక్రమమున కనబడిన అత్తిలి అధ్యాపకుడు బ్రహ్మానందము కొలదికాలమునకే చలనచిత్రసీమకు వెళ్ళి అచట పాతుకొనిపోయెను. ధర్మవరపు సుబ్రహ్మణ్యముగారి ఆనందోబ్రహ్మ వచ్చు వేళకు వీధులు పలుచబడెడివి. ప్రకాశం జిల్లా పల్లెటూరినుండి వచ్చిన ఆయన పలుకున ఆ ప్రాంతపు యాస దాగెడిది కాదు. సర్కారు కార్యాలయముల వాతావరణము ఆయనకు లోపలినుండి తెలియును. నవ్వు పుట్టించుటకు ఆయన మొగమును వంకరలు త్రిప్పలేదు; మిక్కిలి గంభీరముగా, మిక్కిలి మర్యాదగా, మిక్కిలి అర్థరహితమైన మాటను పలికెడివాడు. ఆ కీర్తిని పట్టుకొని జంధ్యాల ఆయనను 1989లో జయమ్ము నిశ్చయమ్మురా చిత్రమున నటింపజేసెను. మన దూరదర్శన హాస్యమును మన చలనచిత్ర హాస్యము ఇట్లు ఎప్పటికప్పుడు పంటవలె కోసికొనిపోవుచుండుటచే, చిన్నతెరపై స్థిరముగా నిలిచి ఇంటిమనిషి యగు పాత్ర మనకు చాలకాలము దొరకలేదు.

1990లలో కేబులు తీగ ఇంటి చూరు క్రిందుగా లోనికి వచ్చెను. దేఖ్ భాయ్ దేఖ్, శ్రీమాన్ శ్రీమతి, హమ్ పాంచ్ మొదలగు హిందీ ధారావాహికలు ఒక వంకను, ఉపగ్రహము మీదుగా దిగిన ఆంగ్ల ధారావాహికలు మరియొక వంకను వచ్చిపడెను. 1977 నాటి ఆంగ్ల ధారావాహిక మైండ్ యువర్ లాంగ్వేజ్, 1993లో జబాన్ సంభాల్‌కే యను హిందీ రూపము దాల్చెను. 1995లో ఈటీవీ, జెమిని అను తెలుగు ఛానళ్ళు ఆరంభమై, రాష్ట్రమంతటికిని ఉదయమునుండి రాత్రివరకు తెలుగు వినబడసాగెను. కథల ధారావాహికలకు కొదువ లేదు; ఋతురాగాలు, అన్వేషిత, శాంతినివాసం వంటివానికి ఇల్లాండ్రు వంట ముందుగా ముగించుకొని కూర్చుండెడివారు. వారమునకొకమారు నవ్వించి పోవు కుటుంబము మాత్రము ఇంకను రాలేదు.

అది వచ్చినది 2001 నవంబరు 18, ఆదివారము. ఆ సంవత్సరము జూన్ 19ననే జంధ్యాల మరణించెను. వింతమనుష్యులందరిని ఒక్క కప్పు క్రింద కూర్చి, ఎవని పిచ్చి వానికి ఆనందము అను తీరున నడిపించిన ఆయన హాస్యమునకు వారసుడు లేడని తెలుగువారు చింతించుచున్న యేటనే, గుణ్ణం గంగరాజుగారి జస్ట్ యెల్లో సంస్థ జెమిని టెలివిజనులో అమృతం ధారావాహికను ఆరంభించెను. లిటిల్ సోల్జర్స్ చిత్రమును తీసియున్న గంగరాజుగారికి చంద్రశేఖర్ ఏలేటి, ఎస్. ఎస్. కాంచి, వాసు ఇంటూరి మొదలగువారు దర్శకత్వ రచనాదులలో తోడైరి. పల్లవిగీతమును సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు వ్రాయగా కల్యాణి మాలిక్ స్వరపరచెను. బ్రదుకులోని చిన్న చిన్న కష్టములను తల్చుకొని దిగులుపడనేల యని మిత్రుని ఊరడించు ఆ పాట నేటికిని తెలుగు యువకుల చరవాణులలో మ్రోగుచున్నది.

పాత్రల పేర్లనే మొదట చూడుడు. నాయకుడు అమృతరావు, అతని యిల్లాలు సంజీవని, అతని మిత్రుడు ఆంజనేయులు. పాలకడలిని మథించి తీసిన అమృతమును, హనుమంతుడు కొండతో పెల్లగించి తెచ్చిన సంజీవనియు, ఆ తెచ్చినవాడును ఒక్కచోట చేరిరి. మృత్యువును జయించు పేర్లు ధరించిన వీరు నెల మొదటి తేదీన ఇంటి అద్దెను జయింపలేరు. ఇంటి యజమాని అప్పాజీగా శివన్నారాయణ నటించెను. ఆయన ఒక్కొక్క మాటను నూనెలో వేచినట్లు వేచి పలికెడి ఆ ముసలివానిగా పిల్లలకు సయితము ప్రీతిపాత్రుడయ్యెను. మిత్రులిద్దరి జీవనాధారము అమృతవిలాస్ అను హోటలు. అచటి సర్వరు పేరు సర్వం. ఆ హోటలున ఇడ్డెన్ల రుచిని గూర్చి ధారావాహిక ఏనాడును గొప్పలు పోలేదు. త్వరగా ధనము గడింపవలెనని ఒకనికి ఒక ఉపాయము తోచును. రెండవవాడు వలదనుచునే అందు దిగబడును. ఇల్లాండ్రకు తెలియకుండ దాచిన సంగతి ఇల్లాండ్రకే ముందు తెలియును. అరగంట ముగియునప్పటికి గల్లాపెట్టె మొదట ఎంత ఖాళీగా నుండెనో అంత ఖాళీగా నుండును. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు విడిచి హైదరాబాదు చేరి హోటలు పెట్టినచో ఇంతకంటె వేరుగా నడపియుండరు.

ఈ ధారావాహిక చరిత్రలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన అంశము నటుల మార్పు. అమృతరావు వేషమును తొలుత శివాజీరాజా ధరించెను, తరువాత నరేశ్, ఆ తరువాత హర్షవర్ధన్. సంజీవనిగ నటించినవారును మారిరి. చలనచిత్రమున ఇట్టిది జరిగినచో ప్రేక్షకుడు కుర్చీ విరుగగొట్టును. ఇచట మొదటి వారము కొంచెము గొణిగి, రెండవ వారము అలవాటుపడి, మూడవ వారమునకు పూర్వపు మొగమునే మరచెను. తోలు చిరిగినప్పుడు బొమ్మలాటవాడు క్రొత్త తోలుపై మరల కేతిగానిని చెక్కును. చూచువారు కేతిగాడే వచ్చినాడందురుగాని తోలు మారినదనరు. ఐతే మారనివాడొకడు కావలెను, లేకున్న ఆట నిలువదు; ఇచట ఆ స్తంభము ఆంజనేయులుగా నటించిన గుండు హనుమంతరావు. తనకు తెలివి యున్నదని నమ్మిన అమాయకుని ఆయన ఎంత సహజముగా చూపెననగా, ఆయన మోసపోవుచుండగా నవ్వినవారే మరుక్షణమున జాలిపడెడివారు.

2007 నవంబరు వరకు ఆరు సంవత్సరములలో 313 భాగములు నడచినవి. ఆ ఆరేండ్లలోని ఆదివారములను పంచాంగము ముందుంచుకొని లెక్కించినచో, దాదాపు అన్నియే తేలును. అనగా పండుగ యని, పరీక్షలని, ఎన్నికలని చూడక ఆ కుటుంబము తన పూటను తాను పాటించినది. ఆదివారము రాత్రి సామాన్యముగా దిగులు రాత్రి. మరునాటి బడియో, కార్యాలయమో గుండెపై కూర్చుండు వేళ. ఆ వేళను ఎన్నుకొని నవ్వించుట వైద్యుడు నాడి యెరిగి మందిచ్చుట వంటిది. సోమవారము ఉదయము బడిబస్సులలోను, కార్యాలయపు టీబల్లల దగ్గరను అదే కథను మరల చెప్పుకొని మరల నవ్వెడివారు. అరగంట ఆట ఆ విధముగా రెండు దినములు జీవించినది.

ఇంత ఆదరణము పొందినదానికి సంతానము ఏల కలుగలేదని అడుగవచ్చును. దినధారావాహిక వచ్చి వారమును మింగివేసినది. ఛానలుకు ప్రతిదినము ప్రకటనలు కావలెను. ప్రకటనలకు ప్రతిదినము కన్నీరు కావలెను. ఏడ్పును సాగదీయుట సులభము. ఒక అత్తగారు తలుపు తెరచుటను ఒక భాగమంతయు చూపవచ్చును. నవ్వును సాగదీసిన తెగిపోవును. దానికి పూటకొక క్రొత్త చిక్కును కల్పించి, పూటలోననే విప్పవలెను. అట్లు 313 ముళ్ళు వేసి విప్పిన రచయితలకు చెల్లింపవలసిన వెలను ఎవరును చెల్లింపదలచలేదు. దినధారావాహికలో కథ ముందునకు పోదు, మొదటికిని రాదు. నడుమనే నిలిచి దినము గడుపును. 2013 ఫిబ్రవరిలో ఈటీవీ ఆరంభించిన జబర్దస్త్ నవ్వునకు పెద్ద విపణిని తెరచినదిగాని, అది పోటీల అంగడి. అచట మనుష్యులు వత్తురు, ఇల్లు లేదు. హిందీలో మాత్రము తారక్ మెహతా 1971నుండి గుజరాతీ వారపత్రికలో వ్రాసిన శీర్షిక 2008లో ధారావాహికయై, దినధారావాహికగనే సంవత్సరములకొలది నవ్వించి, తెలుగు మాటలతో కూడ ప్రసారమైనది. అదియు వారపత్రిక సంతానమేయని గమనింపుడు.

పిమ్మట యూట్యూబు వచ్చెను. ఆగిపోయిన అమృతం అచట మరల ఆడసాగెను. అది ఆరంభమైననాటికి పుట్టని పిల్లలు నేడు దానిలోని మాటలను వల్లింతురు. డల్లాసులోను, మెల్‌బోర్నులోను తెలుగువారు అన్నము తినుచు దానిని పెట్టుకొందురు. యువతీయువకులు తమంత తాము చిన్న కెమెరాలతో హాస్యఖండికలు తీయ నేర్చిరి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో నైంటీస్ అను మధ్యతరగతి కుటుంబపు కథ వచ్చినప్పుడు, 1990లలో బాల్యము గడపినవారు తమ యింటి ఉప్మాను, తమ తండ్రి లెక్కల పుస్తకమును అందు చూచుకొని నవ్వుచు కంట తడిపెట్టిరి. 2025లో వచ్చిన సివరపల్లి, హిందీ పంచాయత్‌ను తెలంగాణ పల్లెకు తెచ్చి నాటినది. రాతయు నటనయు పూర్వముకంటె నాజూకైనవి. ఐనను ఇవి భాగములన్నియు ఒక్కమారే వచ్చును. ఒక్క రాత్రి చూచి ముగింతురు. ఏడెనిమిది లడ్డూలను ఒకే పూట తినుటకును, పండుగకొక లడ్డూ తినుటకును గల భేదము నాలుకకంటె మనస్సునకు బాగుగా తెలియును. చూచువాడు తన చెవులలో తానే తీగలు పెట్టుకొని తన మంచముపై తానే నవ్వుకొనుచున్నాడు. పొరుగువారి నవ్వు వినబడుట లేదు.

ఈ చరిత్రలో ఒక తేదీని మాత్రము నేను మరువజాలను. 2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు పరమపదించెను. ఆ స్తంభము ఒరిగిన పిమ్మట, ఆంజనేయులు వేషమును ఎల్. బి. శ్రీరామ్ ధరింపగా, అమృతం ద్వితీయం జీ5 వేదికపై ఆరంభమైనది 2020 మార్చి 25, శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతయు తలుపులు మూసికొని ఇంట కూర్చున్న మొదటి దినము అదియే. ఆ దినమునుండి కొన్ని నెలలపాటు ప్రతి గృహస్థుడును హాస్యధారావాహికలో పాత్రయయ్యెను: అవే మొగములు, అదే యిల్లు, పూటకొక చిక్కు, తెల్లవారిన మరల మొదటికి. అంతవరకు వినోదముగా చూచినదానిని జీవించుట ఎంత కష్టమో అప్పుడు తెలిసినది. ఆ కష్టమును అరగంట చొప్పున నవ్వుగా మార్చి యిచ్చినవారు ఎంతటి పనివారో కూడ తెలిసినది.

మా యింట ఆ రాత్రి నాలుగు గదులలో నాలుగు తెరలు వెలుగుచుండెను. విసిగి, ఏదో యొక దానిని పెద్ద తెరకు కలుపుమని నేను కోరగా, పిల్లవాడు క్రొత్తదానిని విడిచి పాత అమృతమునే, అందును మేమందరము పలుమార్లు చూచిన భాగమునే పెట్టెను. ఆంజనేయులు తలుపు తీసికొని లోనికి వచ్చెను. ఏమి జరుగునో అందరికిని తెలియును. అతనికి మాత్రము తెలియదు. అతడు పోయి రెండేండ్లైనదను మాట ఆ క్షణమున ఎవరికిని స్ఫురింపలేదు. ఒక గదిలోనివారు వచ్చి నేలపై కూర్చుండిరి. మరియొక గదిలోనివారు గుమ్మమున నిలిచిరి. అద్దె అడుగుటకు అప్పాజీ వచ్చువేళకు అందరమును నవ్వుచుంటిమి. కథ మొదటికి వచ్చినది.